డీఎన్‌ఎస్ సెర్చ్ డొమైన్: పొట్టి పేరు ఒక యంత్రంలో పలుకుతోంది, పక్క యంత్రంలో పలకడం లేదు

ప్రశ్న: ల్యాబ్‌తాళాలు

అందరికీ నమస్కారం. నేను కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. నెట్‌వర్క్ నిర్వహణ నేను చదువుకున్న విషయం కాదు. ఇంతకుముందు ఆ పని చూసినవారు ఉద్యోగం మారడంతో ల్యాబ్ తాళాలతో పాటు అది కూడా నా చేతికి వచ్చింది. గోడ మీద అంటించిన సర్వర్ల పట్టీ తప్ప వారు రాసిపెట్టి వెళ్లిన కాగితాలు ఏవీ లేవు.

మా ల్యాబ్‌లో విండోస్ 11 యంత్రాలు 32, ఉబుంటు 22.04 యంత్రాలు 8 ఉన్నాయి. ఇవి కాక విభాగాధిపతి గారి మ్యాక్‌బుక్ ఒకటి ఉంది. అసలు డొమైన్ పేరు ఇక్కడ రాయడం ఇష్టం లేక ఎగ్జాంపుల్.కామ్ అని రాస్తున్నాను. ఫైళ్ల సర్వర్ పూర్తి పేరు ఫైల్స్.ల్యాబ్.ఎగ్జాంపుల్.కామ్, గిట్ సర్వర్ పేరు గిట్.ల్యాబ్.ఎగ్జాంపుల్.కామ్. ప్రింటర్ మాత్రం కళాశాల మొత్తానికి ఉమ్మడిది కనుక ప్రింట్.క్యాంపస్.ఎగ్జాంపుల్.కామ్ అనే పేరుతో ఉంది. విద్యార్థులు ఎవరూ ఇంత పొడవు పేర్లు కొట్టరు, “ఫైల్స్”, “ప్రింట్” అని మాత్రమే కొడతారు.

విండోస్ యంత్రాలన్నింటిలో ఈ పొట్టి పేర్లు పనిచేస్తున్నాయి. ఉబుంటు యంత్రాలలో “ప్రింట్” దొరుకుతోంది కానీ “ఫైల్స్” అంటే అలాంటి పేరు లేదంటోంది. అదే పూర్తి పేరు ఇస్తే వెంటనే దొరుకుతోంది. ఎవరో చెప్పగా విని డీఎన్‌ఎస్ అమరికలు ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైలులో సెర్చ్ అనే వరుస చేర్చాను. ఆ పూటకు పనిచేసింది, యంత్రాన్ని ఆపి మళ్లీ వేసేసరికి ఆ వరుస మాయమైంది. మ్యాక్‌లో క్యాంపస్ డొమైన్ ముందే బూడిద రంగులో కనిపించింది. కూడిక గుర్తు నొక్కి ల్యాబ్ డొమైన్ చేర్చగానే ఆ బూడిద రంగు పేరు పోయింది, దానితో “ప్రింట్” పనిచేయడం మానేసింది. ఇంకో వింత ఏమిటంటే, అదే మ్యాక్‌లో “ఫైల్స్”కు పింగ్ వెళుతోంది, కానీ డిగ్ ఆదేశంతో అడిగితే ఆ పేరే లేదని జవాబు వస్తోంది.

ఇది ప్రతి యంత్రంలోనూ విడిగా పెట్టవలసినదా, ఒకచోట పెడితే అందరికీ వెళుతుందా? పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్‌నే మార్చాలా? ఈ తలనొప్పి అంతా లేకుండా లోపలి పేర్లన్నింటినీ .లోకల్ కిందకు మార్చేయమని ఒక సహోద్యోగి అంటున్నారు. అది మంచి సలహాయేనా?

జవాబు 1: చివరిచుక్క

ముందుగా డీఎన్‌ఎస్ సర్వర్ జోలికి వెళ్లకండి. ఉబుంటులో పూర్తి పేరు దొరుకుతోందంటే సర్వర్ సరిగానే ఉన్నదని అర్థం. దాన్ని తీసేసి 8.8.8.8 లాంటి బయటి సర్వర్ పెడితే, మీ లోపలి పేర్లు దానికి తెలియవు కనుక ఇప్పుడు పనిచేస్తున్న పూర్తి పేర్లు కూడా పోతాయి. ఎవరిని అడగాలో చెప్పేది డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా, ఏమని అడగాలో చెప్పేది సెర్చ్ డొమైన్. సెట్టింగులలో రెండూ పక్కపక్కనే ఉండడం వల్ల చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు.

మీరు “ఫైల్స్” అని కొట్టినప్పుడు ఆ పొట్టి పేరు సాధారణంగా డీఎన్‌ఎస్ సర్వర్ దాకా వెళ్లదు. మీ యంత్రంలోనే ఉండే రిజాల్వర్ తన దగ్గరున్న జాబితాలోని మొదటి డొమైన్‌ను ఆ పేరు వెనుక తగిలించి అడుగుతుంది, లేదని జవాబు వస్తే రెండో డొమైన్‌ను తగిలించి మళ్లీ అడుగుతుంది. మన ఊళ్లో శ్రీను అని పిలిస్తే ఏ ఇంటి శ్రీను అన్న ప్రశ్న వచ్చినట్టే ఇదీ, కాకపోతే మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడ అది వెనుక వస్తుంది. మీ ఉబుంటు యంత్రాలకు క్యాంపస్ అనే ఇంటిపేరు ఒక్కటే తెలుసు కనుక అవి ఫైల్స్.క్యాంపస్.ఎగ్జాంపుల్.కామ్ కోసం అడిగి, లేదనిపించుకుని వస్తున్నాయి.

పేరులో చుక్క ఉంటే ఏమవుతుందన్నది వ్యవస్థను బట్టి మారుతుంది. లినక్స్‌లోని (ఉబుంటు కూడా లినక్సే) జీలిబ్‌సీ రిజాల్వర్‌కు ఎన్‌డాట్స్ అనే అమరిక ఉంది, దాని మామూలు విలువ 1. అంటే పేరులో కనీసం ఒక చుక్క ఉంటే ముందు ఆ పేరును ఉన్నదున్నట్టుగా అడిగి, దొరకకపోతేనే తోకలు, అంటే జాబితాలోని డొమైన్లు, తగిలిస్తుంది. చుక్కే లేకపోతే ముందు తోకలు తగిలించి అడుగుతుంది. కుబర్నెటీస్ (అనేక యంత్రాల మీద ప్రోగ్రాములను నడిపే వ్యవస్థ) పాడ్‌లలో ఈ విలువ మామూలుగా 5 ఉంటుంది, అందుకే అక్కడ బయటి పేరు ఒక్కటి అడిగినా సర్వర్‌కు నాలుగైదు వ్యర్థ ప్రశ్నలు వెళుతుంటాయి. విండోస్ విస్టా నుంచి మాత్రం చుక్క ఉన్న పేర్లకు మామూలు అమరికలో తోక తగిలించరు, కావాలంటే దానికి విడిగా గ్రూప్ పాలసీ (నిర్వాహకులు పెట్టే విండోస్ అమరిక) ఉంది. ఏ వ్యవస్థలోనైనా పేరు చివర ఒక చుక్క పెడితే అది సంపూర్ణమైన పేరని, దానికి ఇంకేమీ తగిలించవద్దని అర్థం. పరీక్షించేటప్పుడు ఆ చివరి చుక్క పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి అడిగి చూడండి. తప్పు పేరులో ఉందా, తోకలో ఉందా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక ఉబుంటు సంగతి. రిజాల్వ్.కాన్ఫ్ అక్కడ మామూలు ఫైలు కాదు, పేర్లు వెతికే సేవ అయిన సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ తయారుచేసే ఫైలుకు అది ఒక లింకు మాత్రమే. తెరిచి చూస్తే నేమ్‌సర్వర్ చిరునామాగా 127.0.0.53 కనిపిస్తుంది. మీరు చేత్తో రాసినది నిలవకపోవడానికి కారణం అదే. డెస్క్‌టాప్ యంత్రమైతే నెట్‌వర్క్ మేనేజర్‌కు చెప్పాలి. గ్నోమ్ సెట్టింగులలో సెర్చ్ డొమైన్ కోసం గడి లేదు కనుక టెర్మినల్‌లో ఎన్ఎంసీఎల్‌ఐ ఆదేశంతో ఆ కనెక్షన్‌కు ఐపీవీ4.డీఎన్ఎస్-సెర్చ్ అనే విలువ పెట్టి, అందులో ల్యాబ్, క్యాంపస్ డొమైన్లు రెండూ రాసి, కనెక్షన్‌ను ఒకసారి దించి మళ్లీ ఎక్కించండి. సర్వర్ యంత్రాలైతే నెట్‌ప్లాన్ ఫైలులో నేమ్‌సర్వర్స్ కింద సెర్చ్ అనే వరుసలో రాయాలి. నిజంగా అమలులోకి వచ్చిందో లేదో రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ చూపిస్తుంది.

మ్యాక్‌లో మీకు ఎదురైనది లోపం కాదు, దాని పద్ధతే అది. బూడిద రంగులో ఉన్నవి, యంత్రాలకు నెట్‌వర్క్ అమరికలను తానే పంపే డీహెచ్‌సీపీ ఇచ్చినవి, మీరు చేత్తో ఒక్కటి చేర్చినా మొత్తం జాబితాకు మీదే బాధ్యత అవుతుంది. కనుక క్యాంపస్ డొమైన్‌ను కూడా చేత్తో చేర్చండి, లేదా మీరు చేర్చినదాన్ని తీసేస్తే పాతది తిరిగి వస్తుంది. డిగ్ విషయంలోనూ తప్పేమీ లేదు. డిగ్ అనేది డీఎన్‌ఎస్ సర్వర్‌ను నేరుగా ప్రశ్నించే పరికరం, ప్రత్యేకంగా కోరితే తప్ప సెర్చ్ డొమైన్లను అది వాడదు. పైగా మ్యాక్‌లో అది వ్యవస్థ రిజాల్వర్ ద్వారా వెళ్లనే వెళ్లదు. మ్యాక్‌లో అసలు సంగతి తెలియాలంటే ఎస్‌సీయుటిల్ ఆదేశాన్ని డీఎన్‌ఎస్ ఐచ్ఛికంతో (ఆప్షన్‌తో) నడపండి. ఏ కనెక్షన్‌కు ఏ సర్వర్, ఏ సెర్చ్ డొమైన్ వర్తిస్తున్నాయో వరుసగా చూపిస్తుంది.

జవాబు 2: సెలవురోజు_అడ్మిన్

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, కానీ 41 యంత్రాల దగ్గరకూ తిరిగి చేత్తో రాయడం మొదలుపెట్టకండి. మీకు వచ్చిన చిక్కుకు మూలం డీహెచ్‌సీపీ సర్వర్‌లో ఉంది. అది 15వ నంబరు ఐచ్ఛికం ద్వారా క్యాంపస్ డొమైన్ ఒక్కదాన్నే పంపుతున్నట్టు మీ వర్ణనను బట్టి తెలుస్తోంది. 15వ నంబరు ఒక్క డొమైన్ పేరు కోసం ఉద్దేశించినది. కొందరు అందులోనే ఖాళీలు వదిలి రెండు మూడు పేర్లు ఇరికిస్తారు. అది కొన్ని లినక్స్ యంత్రాలలో అదృష్టవశాత్తూ పనిచేస్తుంది, మిగిలిన చోట్ల ఖాళీలతో సహా అంతా ఒకే పేరు అనుకుంటుంది. జాబితా పంపడానికి వేరుగా 119వ నంబరు ఐచ్ఛికం ఉంది. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3397 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దాన్ని నిర్వచించింది. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే డీహెచ్‌సీపీ సర్వర్ ప్రోగ్రాములో దాని పేరు డొమైన్-సెర్చ్, కీయా అనే మరో ప్రోగ్రాములోనూ అదే పేరు.

మ్యాక్, ఉబుంటు యంత్రాలు 119ని చక్కగా తీసుకుంటాయి. విండోస్ దీన్ని చాలా ఏళ్లపాటు అసలు పట్టించుకోలేదు కనుక అక్కడ దీని మీద ఆధారపడవద్దని నా అభిప్రాయం. విండోస్ యంత్రాలన్నింటినీ ఒకచోట నుంచి నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీ ఉంటే గ్రూప్ పాలసీలో డీఎన్‌ఎస్ సఫిక్స్ సెర్చ్ లిస్ట్ (సెర్చ్ డొమైన్‌నే విండోస్ సఫిక్స్ అంటుంది) ద్వారా ఇవ్వండి, లేకపోతే పవర్‌షెల్‌లో రెండు మాటల స్క్రిప్టుతో పెట్టవచ్చు. మీ విండోస్ యంత్రాలు ఇప్పుడు పనిచేయడానికి కారణం పాత నిర్వాహకులు ఎప్పుడో అడ్వాన్స్‌డ్ టీసీపీ/ఐపీ సెట్టింగులలోని డీఎన్‌ఎస్ పలకలో, ఈ సఫిక్స్‌లను ఇదే వరుసలో తగిలించు అన్న చోట రెండు పేర్లూ రాసి ఉండడమే కావచ్చు. ఐపీకాన్ఫిగ్‌ను ఆల్ ఐచ్ఛికంతో నడిపితే పైభాగంలోనే ఆ జాబితా కనిపిస్తుంది.

ఆ పలక గురించి ఒక హెచ్చరిక. దాన్ని ఒక నెట్‌వర్క్ కార్డు లక్షణాలలోంచి తెరుస్తాము కనుక అది ఆ కార్డుకే చెందినదని అనుకుంటాము, కానీ ఆ సఫిక్స్ జాబితా టీసీపీ/ఐపీ ఉన్న కనెక్షన్లన్నింటికీ వర్తిస్తుందని అక్కడే చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. పైగా ఆ జాబితాలో ఏదైనా రాస్తే విండోస్ ఇక కనెక్షన్ తాలూకు సఫిక్స్‌ను వాడదు. మ్యాక్‌లో మీకు ఎదురైన సంగతే ఇక్కడ రంగు మారకుండా జరుగుతుంది, అంతే తేడా.

డీహెచ్‌సీపీ ద్వారా ఇవ్వడంలో ఇంకో మేలు ఉంది. చేత్తో రాసిన జాబితా ల్యాప్‌టాప్‌తో పాటు ఇంటికి, రైలుకు, హోటలుకు వెళుతుంది. అక్కడ ఎవరి డీఎన్‌ఎస్ సర్వర్ ఉంటే దానికి మీ లోపలి సర్వర్ల పేర్లు పూర్తిగా చదివి వినిపిస్తుంది. డీహెచ్‌సీపీ ఇచ్చినదైతే మీ నెట్‌వర్క్ వదలగానే పోతుంది.

జవాబు 3: మిణుగురు

ఒక్క విషయం చేరుస్తాను, ఎందుకంటే దీని వల్ల నేను ఒకప్పుడు పూట పోగొట్టుకున్నాను. జాబితాలో ల్యాబ్, క్యాంపస్ డొమైన్లు రెండే ఉంచండి. ఎలాగూ పనికొస్తుంది కదా అని వాటి తల్లి డొమైన్ అయిన ఎగ్జాంపుల్.కామ్‌ను చేర్చకండి.

నేను పనిచేసిన ఒక సంస్థలో తల్లి డొమైన్‌కు నక్షత్రం రికార్డు ఉండేది, అంటే ఆ డొమైన్ కింద లేని ఏ పేరు అడిగినా సంస్థ వెబ్‌సైట్ చిరునామా జవాబుగా వచ్చేది. అదే డొమైన్ లినక్స్ సర్వర్ల సెర్చ్ జాబితాలోనూ ఉండేది. ఒకరోజు ప్యాకేజీలు దించుకునే బయటి సర్వర్ పేరులో నేనే ఒక అక్షరం తప్పు రాశాను. మామూలుగానైతే అలాంటి పేరు లేదన్న జవాబు వచ్చి అర నిమిషంలో తెలిసిపోయేది. ఇక్కడ రిజాల్వర్ ఆ తప్పు పేరు దొరకక, దాని వెనుక మా డొమైన్‌ను తగిలించి అడిగింది. నక్షత్రం జవాబిచ్చింది. అప్పటి నుంచి నాకు కనిపించినదంతా సర్వర్ గుర్తింపు సర్టిఫికెట్‌లోని పేరు సరిపోలలేదన్న ఫిర్యాదే. బయటి సర్వర్‌ను, ప్రాక్సీని, ఫైర్‌వాల్‌ను, చివరికి యంత్రంలోని గడియారాన్ని కూడా అనుమానించాను. విండోస్ యంత్రం నుంచి ఎన్‌ఎస్‌లుకప్ వేసి చూస్తే అదీ చివరి చుక్క లేని పేరుకు తోక తగిలించి అదే తప్పుడు చిరునామా చూపించింది. దానితో నా నమ్మకం ఇంకా బలపడింది. చివరికి చుక్క పెట్టి అడిగినప్పుడు గుట్టు బయటపడింది.

ఇది కొత్త జబ్బు కాదు. 1993 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1535 పూర్తిగా దీని గురించే. ఆ కాలంలో రిజాల్వర్లు యంత్రం డొమైన్‌లో ఒక్కో ముక్క తీసేస్తూ పైకి ఎక్కి, చివరికి ఒట్టి .కామ్‌ను కూడా తగిలించి చూసేవి. ఈడీయూ.కామ్ అనే డొమైన్ నమోదయ్యాక, దానికి ఒక్క నక్షత్రం రికార్డు పెడితే చాలు, .కామ్ కింద ఉన్న యంత్రాల నుంచి .ఈడీయూ విశ్వవిద్యాలయాల కోసం వెళ్లే ప్రశ్నలు దారితప్పి అక్కడికి చేరతాయని బయటపడింది. ఎవరూ చెప్పకుండా పైకి ఎక్కే అలవాటు మానాలని, జాబితా ఏదైనా ఉంటే దాన్ని నిర్వాహకుడే స్పష్టంగా రాయాలని ఆ పత్రం సూచించింది. ఇప్పుడు ఆ పెన్ను మీ చేతిలో ఉంది కనుక తక్కువ రాయండి.

.లోకల్ విషయం వద్దనే చెబుతాను. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6762 ఆ పేరును మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌కు కేటాయించింది. మ్యాక్ ఆ తోక చూడగానే మీ సర్వర్‌ను కాకుండా పక్కనున్న యంత్రాలను అడగడం మొదలుపెడుతుంది. సొంతంగా ఊహించిన తోకలూ మంచివి కావు. ఒకప్పుడు .డెవ్‌ను సరదాగా లోపలి పేర్లకు వాడుకున్నవారు, అది 2014లో నిజమైన డొమైన్‌గా గూగుల్ చేతికి వెళ్లాక పేర్లు మార్చుకోవలసి వచ్చింది. పూర్తిగా లోపలి వాడకం కోసమే అయితే 2024 జులైలో డొమైన్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ బోర్డు .ఇంటర్నల్‌ను అందుకు ప్రత్యేకించింది. కానీ మీకు సొంత డొమైన్ ఉండగా దాని కింద ల్యాబ్ అని పెట్టుకున్న పాత నిర్వాహకులు తెలివైన పనే చేశారు, దాన్ని కదపకండి.

ల్యాబ్‌తాళాలు

ముగ్గురికీ ధన్యవాదాలు. మా డీహెచ్‌సీపీ డీఎన్‌ఎస్‌మాస్క్ మీద నడుస్తోంది. అందులో 119వ ఐచ్ఛికం చేర్చి, ల్యాబ్ డొమైన్‌ను ముందు, క్యాంపస్‌ను తరువాత రాశాను. 8 ఉబుంటు యంత్రాలలో ఏడు కనెక్షన్ తిరిగి తీసుకోగానే దారికి వచ్చాయి. ఎనిమిదోదానిలో ఎవరో చిరునామాను స్థిరంగా రాసి ఉంచారు, అది డీహెచ్‌సీపీని అడగనే అడగదు. దానికి ఎన్ఎంసీఎల్‌ఐ తప్పలేదు. మ్యాక్‌లో నేను చేర్చినది తీసేస్తే రెండు పేర్లూ బూడిద రంగులో వచ్చాయి. విండోస్ యంత్రాలలో మీరన్నట్టే చేత్తో రాసిన జాబితా బయటపడింది. మూడింటిలో తల్లి డొమైన్ కూడా ఉంటే తీసేశాను.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. “గిట్” అని బ్రౌజర్‌లో కొడితే అది సర్వర్‌కు వెళ్లకుండా గూగుల్‌లో వెతుకుతోంది. ముందు హెచ్‌టీటీపీఎస్ అని పెట్టి కొడితే సర్వర్ దాకా వెళుతోంది, కానీ ఈ సైటు సురక్షితం కాదన్న హెచ్చరిక వస్తోంది. పూర్తి పేరుతో వెళితే ఏ హెచ్చరికా లేదు. డీఎన్‌ఎస్‌లో ఇంకేదైనా చేర్చాలా?

జవాబు 4: పోర్ట్_443

డీఎన్‌ఎస్‌లో చేయవలసినది ఇంకేమీ లేదు, అది తన పని చేసేసింది. మొదటిది బ్రౌజర్ అలవాటు. చిరునామా గడిలో ఒక్క పదం కొడితే దాన్ని వెతుకులాటగా భావిస్తుంది, పదం వెనుక ఒక వాలుగీత పెడితే చిరునామాగా తీసుకుంటుంది.

రెండోది సర్టిఫికెట్‌కు సంబంధించినది. సెర్చ్ డొమైన్ తగిలించిన తోక రిజాల్వర్ దగ్గరే ఆగిపోతుంది, అది బ్రౌజర్‌కు తెలియదు. బ్రౌజర్ దృష్టిలో మీరు అడిగిన పేరు “గిట్” మాత్రమే, సర్టిఫికెట్‌లో ఉన్నది పూర్తి పేరు, రెండూ కలవవు. ఒక పేరును మరో పేరుకు మళ్లించే సీనేమ్ రికార్డు పెట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే బ్రౌజర్ పోల్చేది మీరు కొట్టిన పేరునే. పొట్టి పేరుతో సర్టిఫికెట్ తెచ్చుకుందామన్నా బయటి సంస్థలు ఇవ్వవు. అలాంటి లోపలి పేర్లకు ఇచ్చినవి 2015 నవంబరు 1 తరువాతి కాలానికి చెల్లకూడదని, ఇంకా మిగిలిన వాటిని 2016 అక్టోబరు 1 నాటికి రద్దు చేయాలని, సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ తయారీదారుల వేదిక అయిన సీఏ బ్రౌజర్ ఫోరమ్ నియమం పెట్టింది. మీ సొంత సర్టిఫికెట్ అధికారిని నడిపితే ఇవ్వవచ్చు కానీ ఒక్క పొట్టి పేరు కోసం అంత పని పెట్టుకోవడం నాకు దండగగా తోస్తోంది. పింగ్‌కు, ఎస్‌ఎస్‌హెచ్‌కు, ప్రింటర్‌కు పొట్టి పేరు వాడుకోండి. హెచ్‌టీటీపీఎస్ ఉన్న ప్రతి చోటా పూర్తి పేరే పెట్టి, దాన్ని బ్రౌజర్ బుక్‌మార్కులలో వేసి ఉంచండి. హెచ్చరిక వస్తే నొక్కి ముందుకు వెళ్లిపోవడం విద్యార్థులకు నేర్పకండి.

ల్యాబ్‌తాళాలు

అలాగే చేశాను. గిట్ పూర్తి పేరును బుక్‌మార్కుగా అన్ని యంత్రాలలో పెట్టాను. గోడ మీద పాత నిర్వాహకులు అంటించిన సర్వర్ల పట్టీలో పొట్టి పేర్ల పక్కన పూర్తి పేర్లు రాసి, డీఎన్‌ఎస్‌మాస్క్‌లో మార్చిన వరుసను, మార్చిన తేదీని ఒక కాగితం మీద రాసి తాళాల గుత్తితో పాటు సొరుగులో పెట్టాను.